స్వరూపక్క ఇంటి ముందటి నల్లా

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి మూడు వారాలు దాటింది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు, బడులకు తాళాలు, ఆఫీసుల ముందు టెంట్లు. పనిలేని మగవాళ్లందరం కర్మన్‌ఘాట్‌లో మా గల్లీ మూల ఉన్న లచ్చయ్య చాయ్ హోటల్ ముందు బెంచీల మీద చేరేవాళ్లం. ఆ బుధవారం మధ్యాహ్నం మాత్రం కబుర్ల కోసం కాదు, ఒక పేరు తేల్చడం కోసం కూర్చున్నాం.

మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, వచ్చినవాళ్లందరికీ అక్కడే బంతి వెయ్యాలి. మా కాలనీ వంతుకు నీళ్లు పడ్డాయి, ఎనిమిది డ్రమ్ములు. పోయిన నెల సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ఇలాగే పెట్టుకుంటే సగంలోనే నీళ్లు అయిపోయాయి. అన్నం పలుకు మీద ఉండగానే దించేశారు. చెయ్యి కడుక్కోవడానికి చుక్క లేక ఊళ్లనుంచి వచ్చిన పెద్దమనుషులు ఎంగిలి చేతులు దస్తీలకు తుడుచుకున్నారు. మా శిబిరానికి పెద్ద అయిన ఆర్టీసీ డ్రైవర్ బిక్షమయ్యన్న ఆ రోజంతా తల ఎత్తలేదు. రేపు ఆయన సొంతూరు నారాయణపూర్ నుంచే ట్రాక్టర్లలో నలభై మంది వస్తున్నారు. మళ్లీ నీళ్లు చాలకపోతే ఊళ్లో మొహం చూపించలేనని పొద్దున్నుంచి అంటూనే ఉన్నాడు.

ఖాళీ డ్రమ్ములు హోటల్ వెనక గోడ వారన నిలబెట్టి ఉన్నాయి. మావైపు నల్లా నీళ్లు రోజూ రావు. గల్లీకొక వంతు, వంతుకు గంటో గంటన్నరో. ఏ గల్లీకి ఎప్పుడన్నది ఆడవాళ్లకు నోటికి వచ్చు. మాకు మాత్రం నీళ్లు బకెట్లో ఉంటాయని తెలుసు.

“రేపు నీళ్ల బాధ్యత ఎవరిది?” అని బిక్షమయ్యన్న నోట్‌బుక్కు తెరిచాడో లేదో, ప్లంబర్ మట్టయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మట్టయ్య బాగుచేసిన నల్లా మళ్లీ కారకుండా ఉండడం నేను చూడలేదు. మట్టయ్య చెప్పే ముచ్చట మధ్యలో లేచి వెళ్లినవాణ్ణీ చూడలేదు.

“రాయి బిక్షమన్నా, మట్టయ్య అని రాయి. పెన్ను గట్ల పట్టుకోని సూడకు. నీళ్ల పని ఎవ్వనికి చేతనైతదో నీకు ఎర్కలేదు. పోయిన సలికాలం హనుమాన్ గుడి ముందల వంటావార్పు జేసినం, యాదికున్నదా? ఎనిమిది వందల మంది తిన్నరు. మీరందరు తొమ్మిదింటికి లేసి, పండ్లు తోముకోని, అంగీలు ఇస్త్రీ జేసుకోని ఒచ్చి బంతిల కూసున్నరు. ఆ నీళ్లు ఏడికెళ్లి ఒచ్చినయని ఒక్కడన్న అడిగిండా?”

“నిజమే, అడగలే,” అన్నాడు బిక్షమయ్యన్న.

“అడుగుతె చెప్తుంటి. అడగలేదు గాబట్టి ఇయ్యాల్టిదాక కడుపుల వెట్టుకున్న. ఆ దినం ఆదివారం. ఎట్ల యాదికున్నదంటే, మటన్ దుకాణం ముందల లైను గట్టినోళ్లు ఒక్కొక్కడు రెండు రెండు చద్దర్లు కప్పుకోని నిలవడ్డరు. పొద్దుగాల ఆరున్నర. నేను గిట్ల గల్లీలకెళ్లి నడుసుకుంట ఒస్తున్న. ఈ పక్కన స్వరూపక్క ఇంటి ముందల నల్లా లేదా, అగో ఆ ఇత్తడి నల్లానే, అది కారుతున్నది. టప్, టప్. జర వాషర్ అరిగింది, గంతే. సైకిల్ ట్యూబు ముక్క కోసి చుట్టితే ఐపోయే పని. సంచిలకెళ్లి ముక్క దీసిన, పానా దీసిన, గొంతు కూసున్న. చిన్న పని. చిన్నగనే చెప్తున్న, పెంచి చెప్పుడు నాకు రాదు.”

అప్పుడే స్వరూపక్క తన ఇంట్లోంచి ఆకుపచ్చ పైపు లాక్కుంటూ వచ్చింది. ఇంట్లో మిషన్ కుడుతుంది, మాటలు తక్కువ. “కాళ్లు లేపుండ్రి,” అంది. అందరం కాళ్లు లేపాం. పైపు బెంచీల కిందుగా హోటల్ వెనక్కి పోయింది. ఎందుకని ఎవరం అడగలేదు.

“సప్పుడు చెయ్యకక్కా, అసలు ముచ్చటకొస్తున్న,” అన్నాడు మట్టయ్య. “ఇగ నల్లా మీద చెయ్యేసిన. ఏసిన చెయ్యి ఎన్కకు రాలే! అతుక్కున్నది. గుంజిన. రాలే. కాలు గోడకు తన్ని గుంజిన. చెయ్యి రాలే, గోడ కదిలింది.”

“ఏవండీ మట్టయ్య గారూ, హైదరాబాదులో అంత చలేమిటండీ?” అన్నాడు కిరాణా కొట్టు జోగారావు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. సమ్మె అయినా సాయంత్రం చాయ్ మాత్రం మాతోనే తాగుతాడు.

“మీకెట్ల తెలుస్తది జోగారావు గారు? మీరు ఆ వారం మీ తమ్ముని పెండ్లికి వోయిన్రు. మీరు అటు రైలెక్కిన్రు, సలి ఇటు దిగింది.”

“పెళ్లికి వెళ్లిన మాట నిజమేనండీ,” అని జోగారావు కొంచెం ముందుకు జరిగాడు.

“ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? నల్లా నోట్లకెళ్లి చుక్క ఒచ్చింది. దిగింది. సగం దూరం దిగి ఆగింది. రాలదు! గాలిల నిలవడ్డది. నేను దాన్ని సూస్తున్న, అది నన్ను సూస్తున్నది. గంతల్నే ఇంకో చుక్క ఒచ్చి దాని మీద కూసున్నది. దాని మీద ఇంకోటి. జూస్తుండంగనే నల్లాకెళ్లి భూమి దాక ఒక ఐసు కట్టె. సరే, భూమికి తగిలింది, ఇగ ఆగుతది అనుకున్న. ఆగలే. కిందికెళ్లి మీదికి పెరుగుడు షురువైంది! మోకాలంత, మనిషంత, కరెంటు స్తంభమంత. స్తంభం మీద కాకి కూసున్నది, మల్ల లేవలే. గుళ్లె పూజారి తీర్థం పోద్దామంటే ఉద్ధరిణెలనే గట్టిపడ్డది. అందరు పటికబెల్లం లెక్క కొరుక్కోని తిన్నరు.”

లచ్చయ్య గ్లాసులు కడగడం ఆపేశాడు. చైతన్యపురి హాస్టల్లో ఉండి గ్రూప్ పరీక్షలకు చదువుకునే శైలేందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“కాళ్లు,” అంది స్వరూపక్క. లేపాం. పైపు కొంచెం ఎడమకు జరిగింది.

“నేను పైపుకు చెవి వెట్టిన. లోపట కట, కట, కట. ఏంది ఈ సప్పుడు? ఐసు! నల్లాకెళ్లి షురువై పైపుల ఎన్కకు ఉరుకుతున్నది. భూమి కిందికెళ్లి మెయిన్ రోడ్డు దిక్కు వోతున్నది. నా గుండె ఆగింది. ఇది గిట్లనే పోతే సరూర్‌నగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, అన్ని పైపులు పలుగుతయి. ఎనిమిది వందల మంది బువ్వ సంగతి తర్వాత, సగం పట్నానికి తాగ నీళ్లుండయి. ఏం జెయ్యాలె? చెయ్యేమో నల్లాకు అతుక్కున్నది. ఎడమ చేతితోని పానా పట్టి, నల్లాను పైపుకెళ్లి ఇప్పిన, చేతికి నల్లాతోనే ఉరికిన!”

“నల్లా ఇప్పితే నీళ్లన్ని బయటికి రాలేదా అన్నా?” శైలేందర్ అడిగాడు.

“చదువుకున్నోనివి, గట్లడుగుతవేంది తమ్మీ? గడ్డ కట్టినంక ఏమొస్తది?”

శైలేందర్ సిగ్గుపడ్డాడు. ఆ ప్రశ్న అడిగినందుకు మాక్కూడా అతని మీద కొంచెం చిరాకు వేసింది.

“కింద ఐసు ఉరుకుతున్నది, మీద నేను ఉరుకుతున్న. సరూర్‌నగర్ చెరువు కట్ట మీదికి ఒచ్చిన. చెరువుల కొంగ ఒంటికాలు మీద నిలవడ్డది. నిలవడ్డది నిలవడ్డట్టే ఉన్నది.”

“కొంగ గట్లనే నిలవడతది గదా,” అన్నాడు బిక్షమయ్యన్న.

“నిలవడతదన్నా. మూడు దినాలు నిలవడతదా? కొత్తపేట పండ్ల మార్కెట్ల ఒక బత్తాయి కింద పడ్డది. పగలలే. ఎగిరింది. ఎగిరి, ఇంకోదాన్ని కొట్టింది, అది ఇంకోదాన్ని కొట్టింది, మార్కెట్ల బత్తాయిలన్ని గోలీల లెక్క రోడ్డు మీదికి ఉరికినయి. వాట్ని దాటుకుంట చైతన్యపురి పోయిన. ఆడ హాస్టళ్ల బాత్రూములల్ల పోరలు పెయ్యికి సబ్బు రుద్దుకోని నిలవడ్డరు. నల్లాల నీళ్లు లేవు. సబ్బు ఎండి, గట్టిపడి, చెయ్యి లేపితే లేస్తలేదు. బొమ్మలు నిలవడ్డట్టు నిలవడ్డరు.”

“ఔనన్నా!” శైలేందర్ బెంచీ మీంచి లేచాడు. “పోయిన సలికాలం ఒక ఆదివారం మా హాస్టల్ల నీళ్లు రాలే. నేను సబ్బుతోనే ఉన్న!”

“ఇగో, సాక్ష్యం,” అన్నాడు మట్టయ్య, అది తనకు మామూలే అన్నట్టు. “నిన్ను నేను కిటికీలకెళ్లి జూసిన తమ్మీ. అందరి ముందల చెప్పుడెందుకని ఊకున్న.”

ఒళ్లు గగుర్పొడిచిందంటే నమ్మండి. ఇన్నేళ్లు మా మధ్య తిరిగిన మనిషి, భుజానికి చినిగిన సంచీ, కాలికి తెగిన చెప్పు, ఇంత చేశాడా అని ఆయన వైపే చూస్తూ ఉండిపోయాం. జోగారావు ఇంకో చాయ్ చెప్పి మట్టయ్య చేతికిచ్చాడు.

“ఇగ ఉరికితే లాభం లేదు అనుకున్న. ఐసుకు మందు ఏంది? వేడి. వేడి ఏడ దొరుకుతది? కట్టెలు లేవు, కిరోసిన్ లేదు. మల్ల ఎన్కకు ఉరికొచ్చిన. ఈ లచ్చయ్య హోటల్ ఇంకా తెరవలే. గుమ్మం కాడ మిర్చి బజ్జీలకు తెచ్చి వెట్టిన మిరపకాయల బుట్ట ఉన్నది.”

“నా బుట్ట!” లచ్చయ్య చేతిలో గరిటె కింద పడింది. “ఆ దినం సగం బుట్ట ఖాళీ! ఎలుకలనుకున్న!”

“ఎలుకలు మిరపకాయలు తింటయా లచ్చన్నా?”

“అదే నేను ఇంట్ల అన్న. మా ఇంటామె ఇనలే.”

“గవి నేను తిన్న. ఒకటి కాదు, రెండు కాదు, నూటా పద్దెనిమిది. నమిలిన, మింగలే. పుక్కిట వెట్టుకున్న. చెవులకెళ్లి పొగ, ముక్కులకెళ్లి పొగ. చేతికున్న నల్లా ఎర్రగై దానంతట అదే ఊడిపడ్డది. పైపుకు నోరు వెట్టి, ఊపిరి లోపటి దాక గుంజి...”

మట్టయ్య రెండు బుగ్గలూ పూరించాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అప్పుడు హోటల్ వెనక నుంచి గుడగుడమని చప్పుడు వచ్చింది.

“గిదే! గిదే సప్పుడు!” మట్టయ్య ఎగిరి లేచాడు. “వినుండ్రి! గిట్లనే గుడగుడమన్నది పైపు! నేను ఊదిన ఊపిరి పోతుంటే ఐసు కరుగుడు. కర్మన్‌ఘాట్ కరిగింది, సరూర్‌నగర్ కరిగింది. కొంగ కాలు మార్చుకున్నది. చైతన్యపురిల నల్లాలకెళ్లి నీళ్లు దుంకినయి, అవ్వి సల్లటి నీళ్లు గావు, పొగలు కక్కే వేన్నీళ్లు! పోరలందరు తానాలు జేసిండ్రు. గని మిరపకాయ ఊపిరాయె, అందరి కండ్లు మండినయి.”

“మేము బాష్పవాయువు అనుకున్నం,” అన్నాడు శైలేందర్ గొంతు తగ్గించి.

“నా ఊపిరి తమ్మీ.”

“ఇంకోసారి,” అంది స్వరూపక్క. కాళ్లు లేపాం. ఈసారి పైపుతోపాటు మా కాళ్ల మీద రెండు చుక్కలు కూడా పడ్డాయి. మట్టయ్య కథలో చలి వల్లనేమో, ఒంట్లో జివ్వుమంది.

“ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? ఆ సలి ఏడికి వోతది? నేను ముందలికెళ్లి తరుముతున్న, అది ఎన్కకు ఉరుకుతున్నది. పట్నం దాటింది, గోదావరి దాటింది, నాగపూర్ దాటింది. తిన్నగ ఢిల్లీ వోయి పడ్డది! ఆ వారం ఢిల్లీల పొగమంచుకు ఇమానాలు లేవలే, పేపర్ల రాలేదా? అది మంచు గాదు. నేను ఎల్లగొట్టిన సలి. మన మాట ఢిల్లీకి ఇనవడ్తలేదు, ఇనవడ్తలేదు అంటున్నరు గద, ఢిల్లీల పెద్దపెద్దోళ్లంతా కోట్ల మీద కోట్లేసుకోని గజగజ ఒణికింది ఎవ్వనితోని?”

రోడ్డు మీద ఆటో కూడా నెమ్మదిగా పోయినట్టనిపించింది.

“ఇగ మిగిలింది ఐసు స్తంభం. అది కరగలే. గంత మంచి నీళ్లు మోరీల వోతయా? సుత్తి దీస్కోని మీదికెళ్లి కిందికి పగలగొట్టి ఎనిమిది డ్రమ్ములల్ల ఏసిన. మీరు తొమ్మిదింటికి ఒచ్చేవరకు కరిగి నీళ్లయినయి. గా నీళ్లతోనే ఆ దినం అన్నం వండిన్రు, పప్పు వండిన్రు. పప్పు జర కారంగున్నదని కొందరన్నరు. ఎందుకో ఇప్పుడు తెలిసింది గద.” అంత చెప్పి మట్టయ్య కూర్చున్నాడు. మళ్లీ మాట్లాడితే గొంతు మారింది. “బిక్షమన్నా, ఇరవై ఏండ్ల సంది ఈ బస్తీల ఉన్న. కారే నల్లా మట్టయ్య అని ఎక్కిరిస్తరు. జెండా ఒకనికిస్తరు, మైకు ఒకనికిస్తరు. నా పేరు ఏ బుక్కుల ఎక్కలే. ఒక్కపారి రాయన్నా.”

ఆ మాట మాత్రం నిజమని అందరికీ తెలిసింది. బిక్షమయ్యన్న కళ్లు తుడుచుకుని, నోట్‌బుక్కులో పెద్ద అక్షరాలతో ‘నీళ్లు: మట్టయ్య’ అని రాశాడు. శైలేందర్ చప్పట్లు కొట్టాడు.

“జర ఆగన్నా,” అంది స్వరూపక్క.

పైపు చుట్ట చుట్టి భుజాన వేసుకుని నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

“మట్టయ్యా, నేను మొదటి నుంచి ఇంటనే ఉన్న. చుక్క గాలిల ఆగిందంటివి, నమ్మిన. కొంగ మూడు దినాలు నిలవడ్డదంటివి, నమ్మిన. నీ నోటి వేడి ఢిల్లీ దాక వోయిందంటివి, అది గూడ నమ్మిన. ఒక్కటే నమ్మబుద్ధి అయితలేదు.”

“ఏందక్కా?”

“ఆ దినం ఆదివారమంటివి.”

“ఔ, ఆదివారమే. మటన్ లైను...”

“ఈ గల్లీకొచ్చి నాకు పదమూడేండ్లాయె. సోమారం, బుధారం, శుక్రారం. గవే మన దినాలు. ఆదివారం మా నల్లాల ఒక్క చుక్క ఎన్నడు జూడలే. నీళ్లే రాని నల్లా ఎట్ల కారిందయ్యా?”

మట్టయ్య బెంచీ మీంచి లేచి ఆ నల్లా వైపు నడిచాడు.

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. కరెంటు స్తంభమంత ఐసును ఒప్పుకున్నాం, నూటా పద్దెనిమిది మిరపకాయలను ఒప్పుకున్నాం, ఢిల్లీని కూడా ఒప్పుకున్నాం. ఆదివారం నీళ్లు మాత్రం ఎంత ప్రయత్నించినా గొంతు దిగలేదు.

“మా గల్లీకి కూడా ఆదివారం రావండీ,” అన్నాడు జోగారావు బాధగా.

“మరి ఆ దినం వంట ఏ నీళ్లతోని అయిందక్కా?” బిక్షమయ్యన్న అడిగాడు.

“శుక్రారం నాడే నేను, పక్కింటి అరుణమ్మ, ఎదురింటి అఖిల కలిసి నింపి మూతలు వెట్టినం. మీరు అడగలే, మేము చెప్పలే.”

బిక్షమయ్యన్న ఉన్నట్టుండి గడియారం చూసుకున్నాడు. “అక్కా, ఇయ్యాల బుధారమే గద? నీళ్లు ఎన్నింటికొస్తయి?”

“మూడున్నరకొచ్చినయి. ఐదింటికి పోయినయి.”

టైము ఐదుంపావు. బిక్షమయ్యన్న చేతిలో నోట్‌బుక్కు కింద పడింది. “మల్ల శుక్రారం దాక రావు. నా ఊరోళ్లు నలభై మంది ట్రాక్టర్లెక్కుతున్నరు. కథ ఇనుకుంట కూసున్ననా నేను?” అంటూ హోటల్ వెనక్కి ఉరికాడు. వెనకే మేమంతా ఉరికాం.

ఎనిమిది డ్రమ్ములూ అంచుల దాకా నిండి ఉన్నాయి. అరుణమ్మ, అఖిల చివరిదానికి గుడ్డ కప్పి తాడు కడుతున్నారు. బిక్షమయ్యన్న మొదటి డ్రమ్ములో చెయ్యి ముంచి చూసుకున్నాడు. చూసుకుని, ఆ తడి చెయ్యి మొహానికి రాసుకున్నాడు.

“మీ కాళ్ల కిందికెళ్లే పైపు వోయింది,” అంది స్వరూపక్క. “మూడుసార్లు కాళ్లు లేపిన్రు. గంత సాయం చేసిన్రు, సాలు.”

బిక్షమయ్యన్న ముందుకొచ్చి, కింద పడ్డ నోట్‌బుక్కు తీసి, మట్టయ్య పేరు కొట్టేసి, ముగ్గురు ఆడవాళ్ల పేర్లూ రాశాడు. నాకు మట్టయ్యను చూస్తే జాలేసింది. ఆయన స్వరూపక్క ఇంటి ముందు నల్లా దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు. తను ఎప్పుడో చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క దానికి అలాగే ఉంది. నల్లా పైపులో మిగిలిన నీళ్లు దానిలోంచి అలాగే కారుతున్నాయి. కింద స్వరూపక్క పెట్టిన గిన్నె సగం నిండింది.

“వాషర్ మారుస్తక్కా. ఈపారి మంచిగ ఏస్త,” అన్నాడు తల ఎత్తకుండా.

స్వరూపక్క ఆ గిన్నె తీసి ఖాళీది పెట్టింది. “రేపైనంక మారుద్దువు గని, డ్రమ్ములు ఆటో ట్రాలీలకు ఎక్కియ్యాలె, మా ముగ్గురితోని కాదు. బిక్షమన్నా, కింద ఈయన పేరు గూడ రాయి. మట్టయ్యా, పొద్దుగాల ఐదింటికల్ల ఈడ ఉండాలె.”

బిక్షమయ్యన్న రాశాడు. మట్టయ్య మొహం వెలిగింది. లేచి, సంచీ భుజాన వేసుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

“ఐదింటికా అక్కా? గా యాళ్లకు బయట జర సలుంటది గద, ఏడింటికి రానా?”